మందును మార్చే మెదడు

మెదడు మీద పనిచేసే మందుల గురించి వైద్యశాస్త్రం చాలాకాలం ఒకే దారిని నమ్ముకుంది. నోట్లో వేసుకున్న మాత్ర పేగుల్లో కరిగి రక్తంలో కలుస్తుంది, కాలేయంలో కొంత మారుతుంది, మారగా మిగిలింది మెదడుకు చేరి తన పని తాను చేస్తుంది, చివరికి మూత్రంతో బయటికి పోతుంది. ఈ లెక్కలో మందును మార్చే అవయవం కాలేయం. మెదడు వచ్చినదాన్ని వచ్చినట్టు పుచ్చుకునే చోటు మాత్రమే. రక్తంలో ఎంత మందు ఉందో కొలిస్తే మెదడులో దాని ప్రభావం ఎంతో అంచనా కట్టవచ్చన్న ధీమా ఈ నమ్మకం మీదే నిలబడింది. అయితే ఒకే మోతాదు తీసుకుని, రక్తంలో ఒకే స్థాయిలో మందు ఉన్న ఇద్దరు రోగుల్లో ఒకరు మత్తులో జోగుతుంటే మరొకరికి నిద్రే పట్టకపోవడం డాక్టర్లు రోజూ చూసే సంగతే. ఈ తేడాకు కారణం మెదడులోనే ఉండవచ్చని అనుమానించి, మనిషి మెదడు కణజాలాన్నే ముందు పెట్టుకుని దశాబ్దాల పాటు వెతికిన శాస్త్రవేత్త ఆచార్య విజయలక్ష్మి రవీంద్రనాథ్.

1953లో చెన్నైలో పుట్టిన ఆమె బీఎస్సీ, ఎమ్మెస్సీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆ రోజుల్లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ నుంచి ఎన్. చంద్రశేఖరతో కలిసి ఆమె ప్రచురించిన పరిశోధనలు మెదడుకు సంబంధించినవి కావు, పసుపుకు సంబంధించినవి. మైదుకూరు పేరుతోనే ఒక పసుపు రకం ఉన్న కడప జిల్లా పాఠకులకు ఆ విషయం ఆసక్తి కలిగించవచ్చు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, అది ఒంట్లో ఎక్కడెక్కడికి చేరుతుందో ఆ పరిశోధనల్లో వెతికారు. ఇచ్చినదాంట్లో సుమారు 60 శాతం పేగుల నుంచి మాయమైంది గానీ, పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తంలో నామమాత్రంగా తప్ప కనిపించలేదు. గుండె నుంచి తీసిన రక్తంలో అసలే లేదు. తిన్నది ఒంటికి పట్టినట్టే ఉంది, కానీ తిన్న రూపంలో ఎక్కడా దొరకలేదు. పసుపులోని గుణాలను మాత్రల్లో నింపి అమ్మే కంపెనీలకు ఈ చిక్కు నేటికీ తీరలేదు. మింగిన పదార్థం ఏ అవయవానికి ఏ రూపంలో చేరుతుందన్న ప్రశ్న మాత్రం ఆమెకు అప్పటి నుంచే వెంట వచ్చింది.

డాక్టరేటు తర్వాత ఆమె అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మైకేల్ బాయిడ్ బృందంలో పనిచేశారు. అక్కడ ఆమె చేతికి వచ్చిన విషయాన్ని అర్థం చేసుకోవాలంటే సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం గురించి కొంత తెలియాలి. ఎంజైము అంటే ఒంట్లో జరిగే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీను. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని పీల్చుకునే స్వభావం వల్ల 1960లలో జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాతో ఈ కుటుంబానికి ఆ అంకె తగిలించారు. మనిషిలో వీటికి 57 జన్యువులున్నాయి. కొవ్వులో కరిగే మందులను, విషాలను నీటిలో కరిగేలా మార్చి బయటికి పంపడం వీటి పనుల్లో ముఖ్యమైనది. ఇక్కడొక మెలిక ఉంది. ఇవి విషాన్ని విరిచే క్రమంలోనే ఒక్కోసారి విషాన్ని పుట్టిస్తాయి. జ్వరానికి అందరూ వేసుకునే పారాసెటమాల్ సరైన మోతాదులో నిరపాయకరమే అయినా, మోతాదు మించితే కాలేయం దెబ్బతినడానికి కారణం ఆ మందు కాదు, ఈ ఎంజైములు దానినుంచి తయారుచేసే మరో పదార్థం. ఇదే తరహా విషయాన్ని మిథైల్‌ఫ్యూరాన్లనే రసాయనాల్లో కనుగొని బాయిడ్, బర్కాలతో కలిసి విజయలక్ష్మి రాసిన వ్యాసం 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. తమంతట తాము పెద్దగా హాని చేయని ఆ పదార్థాలను పీ450 ఎంజైములే కణాలను కాటువేసే రూపంలోకి మారుస్తున్నాయని ఆ వ్యాసం చూపింది.

నిమ్హాన్స్ బల్ల మీద

1986లో ఆమె బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ, అంటే నిమ్హాన్స్‌లో చేరారు. మానసిక రోగులకు మందులిచ్చే ఆసుపత్రి, నాడీ శస్త్రచికిత్స, చనిపోయినవారి మెదళ్లను పరీక్షించే విభాగం ఒకే ఆవరణలో ఉండటం ఆమె ప్రశ్నకు అనువైన చోటయింది. ఎలుక మెదడులో పీ450 ఉందని 1977లోనే ఒక అమెరికా బృందం రాసినా, కాలేయంతో పోలిస్తే అతి స్వల్పంగా ఉందన్న కారణంతో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. మనిషి మెదడు సంగతి ఎవరూ సరిగా చూడలేదు. ఎలుక కాలేయంలో కనబడినదాన్ని మనిషి మెదడుకు అంటగట్టే అలవాటు ఔషధశాస్త్రంలో ఇప్పటికీ ఉంది. మనిషి మెదడు దొరకడం కష్టం కాబట్టి ఆ అలవాటును పూర్తిగా తప్పుపట్టలేం కూడా.

నిమ్హాన్స్‌లో ఆ కష్టాన్ని తీర్చినవారు నాడీరోగ నిర్ధారణ నిపుణుడు డాక్టర్ సుసర్ల కె. శంకర్. రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారి శవపరీక్షల సమయంలో సేకరించిన మెదడు భాగాలు ఈ పరిశోధనలకు ఆధారమయ్యాయి. ఆయన చొరవతోనే 1995లో అక్కడ మానవ మెదళ్ల నిధి ఏర్పడింది. ఈ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడటం అవసరం. మరణించిన కొద్ది గంటల్లోనే మెదడును తీసి, చిన్నమెదడు, మెదడుకాండం, వల్కలం వంటి భాగాలుగా విడదీసి గడ్డకట్టిస్తారు. పరీక్ష రోజున ఒక ముక్కను మంచులో ఉంచిన ద్రావణంలో మెత్తగా నూరి, ఆ గుజ్జును సెంట్రిఫ్యూజ్ యంత్రంలో దశలవారీగా తిప్పుతారు. నెమ్మదిగా తిప్పినప్పుడు కణకేంద్రకాలు, మైటోకాండ్రియాలు అడుగుకు చేరతాయి. వాటిని తీసేసి, భూమ్యాకర్షణకు సుమారు లక్ష రెట్ల బలంతో మళ్లీ తిప్పితే అడుగున సన్నని పొరలాంటి మడ్డి మిగులుతుంది. మైక్రోసోములు అనే ఆ మడ్డిలో పీ450 ఎంజైములు ఉంటాయి. దానికి మందును, చర్య నడవడానికి కావలసిన ఇంధనాన్ని కలిపి, ఒంటి వేడి దగ్గర కొంతసేపు ఉంచి, చివరికి మందు ఎంత మిగిలింది, దాని నుంచి కొత్తగా ఏమి పుట్టింది అన్నది కొలుస్తారు. కాలేయానికి చిన్న ముక్క సరిపోయే పరీక్షకు మెదడు విషయంలో ఎంత జాగ్రత్త పడినా సంకేతం అంతంతమాత్రమే. ఎంజైము చెడిపోకుండా కాపాడే ద్రావణాన్ని ఎంచుకోవడమే సగం పని.

1989లో ‘బ్రెయిన్ రీసెర్చ్’ పత్రికలో శంకర్, ఆనందతీర్థవరదలతో కలిసి ఆమె ప్రచురించిన వ్యాసం మనిషి మెదడులో పీ450 ఎంజైములున్నాయని, అవి పనిచేస్తున్నాయని తెలిపింది. మెదడంతటా కలిపి చూస్తే వీటి మొత్తం కాలేయంలో ఉన్నదానిలో పదో వంతుకు కూడా చేరదన్నది నిజమే. కానీ మెదడులో సగటు లెక్కకు అర్థం తక్కువ. ఈ ఎంజైములు అన్ని కణాల్లో సమానంగా పరచుకుని ఉండవు. కొన్ని ప్రాంతాల్లో, కొన్ని నాడీకణాల్లో చిక్కగా పోగుపడి ఉంటాయి. మందు పనిచేయవలసిన కణంలోనే దాన్ని మార్చే ఎంజైము కూడా ఉంటే, రక్తంలోని మందు లెక్క ఆ కణం లోపల జరిగేదాన్ని చెప్పదు. ఆ తర్వాత కెనడాలో రేచల్ టిండేల్ బృందం పొగతాగేవారి మెదళ్లలో కొన్ని పీ450 ఎంజైములు ఎక్కువగా ఉన్నట్టు చూపడంతో, బీడీ, సిగరెట్ అలవాట్లు కూడా మెదడులో మందుల నడకను మార్చగలవన్న ఆలోచనకు బలం వచ్చింది.

ఆల్ప్రజోలం రెండు ముఖాలు

ఈ పరిశోధనల్లో తెలుగు నేలకు అతి దగ్గరగా వచ్చేది ఆల్ప్రజోలం కథ. ఆందోళన, గుండెదడ, నిద్రలేమి ఉన్నవారికి డాక్టర్లు రాసే ఈ మాత్ర, నాడీకణాల ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం పనిని పెంచి మనిషిని శాంతపరుస్తుంది. కాలేయంలో ఇది ముఖ్యంగా 4-హైడ్రాక్సీ ఆల్ప్రజోలంగా మారుతుంది, కొద్దిగా ఆల్ఫా-హైడ్రాక్సీ ఆల్ప్రజోలంగా మారుతుంది. పేర్లు నోరు తిరగనివే అయినా తేడా పెద్దది: రెండోదానికి మందు గుణం గట్టిగా ఉంటుంది. మెదడు కణజాలంలో ఇదే చర్య జరిగినప్పుడు ఈ రెండో రూపం పాలు కాలేయంలో కంటే ఎక్కువగా ఉన్నట్టు విజయలక్ష్మి బృందం 2002లో ప్రకటించింది. 2008లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చిన మరో వ్యాసంలో దీని వెనుక ఉన్న ఎంజైమును కూడా పట్టుకున్నారు. కాలేయంలో ఈ మందును మార్చేది ప్రధానంగా 3ఏ4 అనే పీ450 ఎంజైము. మనిషి మెదడులో మాత్రం దాని దాయాది అయిన 3ఏ43 ఎక్కువగా ఉంది, ఆల్ప్రజోలాన్ని చురుకైన రూపంలోకి మారుస్తోంది కూడా. అంటే కడప జిల్లా చిలమకూరు నుంచి ప్రొద్దుటూరు వెళ్లి డాక్టరు చీటీ మీద ఒకే మాత్ర తెచ్చుకున్న ఇద్దరి రక్తపరీక్షల్లో ఒకే అంకె వచ్చినా, వారి మెదళ్లలో ఆ ఎంజైము హెచ్చుతగ్గులను బట్టి మత్తు వేరువేరుగా ఉండే అవకాశం ఉంది.

ఈ మందును కేంద్ర ప్రభుత్వం 2013లో హెచ్1 జాబితాలో చేర్చింది. 2014 మార్చి నుంచి దీన్ని అమ్మే మందుల షాపు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన మాత్రల లెక్క ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కాగితం మీద ఇంత కట్టుదిట్టం ఉన్నా, తెలంగాణలో ఇదే పదార్థం పొడి రూపంలో కల్లులో కలుస్తోందన్న వార్తలు ఆగలేదు. చెట్టు నుంచి దిగిన కల్లుకు బదులు డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు తాగడానికి అలవాటుపడినవారికి సరఫరా హఠాత్తుగా ఆగితే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిచేష్టలు మొదలై హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా రావలసి వస్తుంది. గాబా పనిని ఏళ్ల తరబడి బయటి మందు పెంచుతూ ఉంటే మెదడు తన సొంత సర్దుబాట్లు చేసుకుంటుంది. ఆసరా ఒక్కసారిగా తొలగితే అణచిపెట్టిన ఉద్రేకం పైకి తన్నుకొస్తుంది. దాడుల్లో పట్టుబడిన పొడి ఎన్ని కిలోలన్నదే పత్రికల పతాక శీర్షికల్లో ఉంటుంది తప్ప, తాగడం మానిన మనిషికి మందు ఎలా తగ్గించుకుంటూ రావాలన్నది ఎక్కడా కనబడదు.

మందును మెదడు కూడా మారుస్తుందా అన్న ప్రశ్న కొడీన్ విషయంలో మరింత వివాదాస్పదమైంది. దగ్గు మందుల్లో, నొప్పి మాత్రల్లో ఉండే కొడీన్ స్వతహాగా బలహీనమైనది. కాలేయంలోని 2డీ6 అనే ఎంజైము అందులో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మార్చడం వల్లే దాని ప్రభావం. 2004లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో విజయలక్ష్మి బృందం ఒక సాహసోపేతమైన సంగతి ప్రకటించింది. పనికిరాని జన్యువుగా అందరూ పక్కన పెట్టిన 2డీ7, కొందరి మెదడులో ఒక చిన్న మార్పు వల్ల ప్రాణం పోసుకుని కొడీన్‌ను మార్ఫిన్‌గా మారుస్తోందన్నది దాని సారం. మరుసటి ఏడాది నుంచే ఇతర ప్రయోగశాలలు దీన్ని ప్రశ్నించాయి: ఆ మార్పు అంత తరచుగా కనబడటం లేదని, దాని నుంచి పుట్టే ప్రోటీను నిజంగా పనిచేస్తుందా అన్నది సందేహమేనని రాశాయి. ఈ అంశం నేటికీ తేలిందని చెప్పలేం. అయినా ఈ వివాదం వల్ల మెదడులోని ఎంజైములను మనిషి మనిషికీ, భాగం భాగానికీ విడిగా పరీక్షించాలన్న ఆమె పట్టు తగ్గలేదు. కాలేయంలోని లెక్కను మెదడుకు వర్తింపజేయకూడదని చెప్పిన శాస్త్రవేత్త తీసిన లెక్కను మరొకరు మళ్లీ సరిచూసి ప్రశ్నించడం శాస్త్రంలో జరగవలసిన పనే.

విషం లోపలే తయారైతే

1982లో కాలిఫోర్నియాలో హెరాయిన్‌కు బదులుగా దొంగచాటుగా తయారైన ఒక మత్తుమందు వాడిన కొందరు యువకులు రోజుల్లోనే కదలలేని స్థితికి చేరారు. ముసలితనంలో వచ్చే పార్కిన్‌సన్ వ్యాధి లక్షణాలన్నీ వారిలో కనబడ్డాయి. విలియం లాంగ్‌స్టన్ బృందం 1983లో దానికి కారణం ఎంపీటీపీ అనే కల్తీ పదార్థమని తేల్చింది. ఆ పదార్థం నేరుగా విషం కాదు. మెదడులోకి చేరాక అక్కడి ఎంఏఓ-బి అనే ఎంజైము దాన్ని మార్చి, డోపమీన్ తయారుచేసే కణాలను చంపే రూపాన్ని పుట్టిస్తుంది. రక్తంలోని పదార్థాలను మెదడులోకి రాకుండా వడగట్టే రక్త-మెదడు అవరోధాన్ని చెక్‌పోస్టు అనుకుంటే, తనిఖీ దాటి వచ్చిన సరుకు లోపలికి వచ్చాక ఆయుధంగా మారడమన్నమాట. మెదడు తనకు తానే విషం తయారుచేసుకోగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. విజయలక్ష్మి బృందం ఎంపీటీపీ ఇచ్చిన చిట్టెలుకల్లో కణాల శక్తికేంద్రాలైన మైటోకాండ్రియాలు ఎలా దెబ్బతింటాయో ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది.

ఇదే దారిలో ఆమె చేరిన మరో విషయం ఖేసరి పప్పు. కరవు కాలంలో కూడా పండే ఈ పప్పును నెలల తరబడి అదే ఆహారంగా తిన్న పేదలకు కాళ్లు బిగుసుకుపోయి, కర్రల సాయంతో తప్ప నడవలేని స్థితి వస్తుంది. దీన్నే లాథిరిజం అంటారు. 1961లోనే దీని అమ్మకాన్ని నిషేధించినా, కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా కనబడటం ఆగలేదు. ఇందులోని విషాన్ని 1964లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ విడదీసి చూపారు. ఆ విషం నాడీకణాలను అతిగా ఉద్రేకపరచి చంపుతుందని తెలిసినా, చావుకు ముందు కణంలో ఏమి జరుగుతుందన్నది మిగిలిపోయింది. 1998లో ‘జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్’లో వచ్చిన వ్యాసంలో విజయలక్ష్మి బృందం ఆ ముందు ఘట్టాన్ని పట్టుకుంది: మైటోకాండ్రియాలో శక్తి తయారీకి మొదటి మెట్టయిన కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ల సముదాయం, దానిలోని గంధకపు కొసలు ఆక్సీకరణకు గురవడంతో మొట్టమొదట కూలుతుందని, ఆ కొసలను తిరిగి సరిచేసే పదార్థాలు ముందుగా ఇస్తే నష్టం తగ్గుతుందని చూపింది. లాథిరిజం ఆడవారికంటే మగవారికే ఎక్కువగా రావడానికి కారణాన్ని కూడా ఆమె బృందం వెతికింది. ఆ కొసలను సరిచేసే గ్లూటారెడాక్సిన్ అనే ప్రోటీను ఆడ చిట్టెలుకల మెదడులో ఎక్కువగా ఉండి వాటిని కాపాడుతోందని తేలింది.

విజయలక్ష్మికి 1996లో వైద్యశాస్త్ర విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ వచ్చాయి. ఈ మధ్యలో హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధనా కేంద్రాన్ని శూన్యం నుంచి నిర్మించి, 2000 నుంచి 2009 దాకా దానికి తొలి డైరెక్టరుగా పనిచేశారు. ఆ కేంద్రాన్ని 2003 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. తర్వాత బెంగళూరు తిరిగివచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నాడీశాస్త్ర కేంద్రాన్ని, ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ దంపతుల ప్రతీక్ష ట్రస్టు ఇచ్చిన 225 కోట్ల రూపాయల విరాళంతో మెదడు పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పారు.

పెన్నేరు గడ్డ, కాలేయం

2012లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఆమె బృందం వ్యాసం ఎక్కువ మంది చదివినవాటిలో ఒకటి. అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో బీటా అమిలాయిడ్ అనే ప్రోటీను గడ్డలు పేరుకుంటాయి. ఆ వ్యాధి వచ్చేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలకు, రాయలసీమ మెట్టపొలాల్లోనూ పండే పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ వేరు సారాన్ని 30 రోజులు నోటి ద్వారా ఇచ్చినప్పుడు అవి మరచిపోయిన దారులను మళ్లీ గుర్తుపట్టాయి, మెదడులో అమిలాయిడ్ తగ్గింది. మందు మెదడులోకి వెళ్లి పనిచేసిందని ఎవరైనా అనుకుంటారు. కానీ సారం కాలేయంలో ఎల్ఆర్‌పీ అనే గ్రాహక ప్రోటీను ఉత్పత్తిని పెంచింది. అది రక్తంలోని అమిలాయిడ్‌ను పట్టి తొలగించడంతో మెదడులోది రక్తంలోకి లాగబడింది. కాలేయంలో ఆ ప్రోటీనును కావాలని తగ్గించినప్పుడు వేరు సారం పనిచేయడం మానేసింది. మందును మార్చే పని కాలేయానిదే కాదు, మెదడుది కూడా అని జీవితంలో సగం కాలం వాదించిన శాస్త్రవేత్తకు, మెదడు జబ్బును కాలేయం నుంచే నయం చేసే దారి కనబడటం విచిత్రమే. ఇది చిట్టెలుకల్లో తేలిన ఫలితం. దీన్ని పట్టుకుని డబ్బాల మీద మతిమరుపుకు మందని అచ్చువేసి అమ్మేవారికి ఈ వ్యాసం అనుమతిపత్రం కాదు.

ఆ తర్వాత ఆమె దృష్టి ప్రయోగశాల దాటి ఊళ్లకు మళ్లింది. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా మదనపల్లె వైపు సరిహద్దుకు దగ్గరగా, ఇళ్లలో తెలుగు ధారాళంగా వినబడే, మామిడి తోటల ప్రాంతం. అక్కడి పల్లెల్లో 45 ఏళ్లు పైబడిన 10,000 మందిని లక్ష్యంగా పెట్టుకుని, వారిని ఏళ్ల తరబడి వెంబడించి, జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, ఎంఆర్ఐ చిత్రాలు, జన్యు సమాచారం కలిపి చూసే అధ్యయనాన్ని మెదడు పరిశోధనా కేంద్రం చేపట్టింది. మతిమరుపు మీద ప్రపంచంలో ఉన్న సమాచారంలో అధికభాగం చదువుకున్న పాశ్చాత్య నగరవాసులది. అక్షరం రాని రైతుకు అంకెలు, బొమ్మలతో పెట్టే పరీక్షను ఎలా మార్చాలన్నదే అక్కడ మొదటి చిక్కు. దేశంలోని వివిధ సమూహాల నుంచి 10,000 మంది జన్యుపటాలను చదివిన జీనోమ్ ఇండియా పథకాన్ని సమన్వయం చేసిందీ ఈ కేంద్రమే. హైదరాబాదులోని సీసీఎంబీ కూడా అందులో పాలుపంచుకుంది. మందులను మార్చే పీ450 జన్యువుల్లో భారతీయుల మధ్య ఉన్న తేడాలు ఆ సమాచారంలో ఉన్నాయి.

జన్యువు తెలిసినంత మాత్రాన ఎంజైము ఎంత పుడుతుందో తెలియదు. పొగాకు, మద్యం, తోటి మందులు, వయసు, హార్మోన్లు దాన్ని రోజురోజుకూ మారుస్తాయి. కాలేయం పనితీరును రక్తపరీక్షతో అంచనా వేసే డాక్టరుకు, ఎదురుగా కూర్చున్న మనిషి మెదడులోని ఏ భాగంలో 3ఏ43 ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇంతవరకు ఏ ఆసుపత్రిలోనూ వాడకంలోకి రాలేదు. దానికి జవాబు 1989లో లాగే నేటికీ, చనిపోయినవారి కుటుంబాలు ఇచ్చిన మెదడు ముక్కల్లోనే వెతకవలసి వస్తోంది.